పథ్యంలో బంగాళాదుంప: తప్పు దుంపదా, పోపుదా?

మా బావగారి ఫోన్‌లో రెండు జాబితాలున్నాయి. రెండింటి పైనా "సల్ఫర్ తక్కువ ఆహారం" అనే ఉంది. ఒకదాంట్లో బంగాళాదుంప ‘నిక్షేపంగా తినొచ్చు’ వరసలో ఉంది. రెండోదాంట్లో ‘ముట్టుకోవద్దు’ వరసలో ఉంది. ఏది నమ్మాలో తెలియక మా అక్క రెండింటినీ పక్కనబెట్టి, నెల రోజులుగా ఆయనకి ఆనపకాయ కూర, మజ్జిగన్నం పెడుతోంది.

బరంపురంలో ఉండేవాళ్లకి ఇది చిన్న శిక్షేం కాదు. ఇక్కడ పొద్దున్నే పూరీలోకి ఆలూదమ్, మధ్యాహ్నం పఖాళలోకి, అంటే నీళ్లు పోసిన చద్దన్నంలోకి, ఆలూ చకటా అనే చిదిమిన దుంప, సాయంత్రం బజారుకెళ్తే బోండా లాంటి వేడివేడి ఆలూ చప్. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఇచ్ఛాపురం అవతలివాళ్లతోనే వియ్యమందుతాం, నాలుక మాత్రం సగం ఒడియాది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారింది, వంటిల్లు మాత్రం రెండు వైపులా ఉండిపోయింది. పైగా మనం దాన్ని బంగాళాదుంప అంటాం కదా, ఈ ఊరికి అది నిజంగానే బెంగాల్ నుంచి వస్తుంది. 2024లో అక్కడి ప్రభుత్వం లారీలు ఆపినప్పుడు ఇక్కడి బజార్లలో ఆలూ ధర ఎలా ఎగిరిందో అందరికీ గుర్తే.

మార్గశిర లక్ష్మివారం నాడు వాళ్లింటికి వెళ్తే అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఒరేయ్, ముప్ఫై ఏళ్లు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పావు. ఈ ఆలూ సంగతేంటో తేల్చు" అంది.

బావగారి బాధ ఇదీ. కొన్ని నెలలుగా కడుపుబ్బరం, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో తేన్పులు, అప్పుడప్పుడు విరేచనాలు. చూసిన డాక్టరు పరీక్షలు రాసి, "సల్ఫర్ ఎక్కువున్నవి కొన్నాళ్లు తగ్గించి చూడండి" అని ఒక్క మాట చెప్పి పంపించేశారు. ఆ ఒక్క మాట చుట్టూ వాట్సాప్ మిగతా వేదమంతా అల్లేసింది.

ఏ గంధకం?

సల్ఫర్‌ని మనం గంధకం అంటాం. పేరులోనే గంధం ఉంది. వాసనతోనే దాన్ని గుర్తుపట్టారు మనవాళ్లు. చిక్కేమిటంటే, తిండి విషయంలో ‘సల్ఫర్’ అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతులు నాలుగైదు దూరాయి. జాబితాలు కొట్టుకునేది అందుకే.

మొదటిది సల్ఫైట్లు. ఇవి తిండిలో పుట్టేవి తక్కువ, మనం కలిపేవే ఎక్కువ. ఎండు పళ్లు రంగు మారకుండా, పొడి చేసిన బంగాళాదుంప నల్లబడకుండా, వైన్ పాడవకుండా వేస్తారు. ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 220 నుంచి 228 మధ్య అంకెలుంటే అవి ఈ కుటుంబమే. మెటాబైసల్ఫైట్ అనే పేరు కూడా కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఇవి తగిలితే ఊపిరి ఆడదు. మన దేశంలో కిలో సరుకులో 10 మి.గ్రా., అంతకు మించి సల్ఫైట్ ఉంటే లేబుల్ మీద చెప్పి తీరాలి. బావగారి రెండో జాబితా ఇలాంటివాళ్ల కోసం తయారైంది. అందులో ‘పొటాటో’ అని నిషేధించింది డబ్బాల్లో వచ్చే పొడి దుంపని, తొక్క తీసి ముక్కలు కోసి ప్యాక్ చేసి అమ్మే దుంపని. వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చేసరికి విశేషణాలు రాలిపోయి దుంప ఒక్కటే మిగిలింది.

రెండోది సల్ఫా మందులు. "నాకు సల్ఫా పడదు" అనేవాళ్లు మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఉంటారు. అది ఒక రకం యాంటీబయాటిక్‌లకి ఒంట్లో వచ్చే అలర్జీ. దానికీ ఉల్లిపాయకీ, గుడ్డుకీ, దుంపకీ ఏ చుట్టరికమూ లేదు. సల్ఫైట్లతో కూడా లేదు. మందు పడనంత మాత్రాన కూర మానక్కర్లేదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

మూడోది ప్రొటీన్‌లోని గంధకం. మిథియోనిన్, సిస్టీన్ అనే రెండు అమైనో ఆమ్లాల్లో గంధకం ఉంటుంది. ఇది లేకుండా మనిషి బతకడు. 60 కిలోల మనిషికి రెండూ కలిపి రోజుకి సుమారు 900 మి.గ్రా. కావాలి. హోమోసిస్టిన్యూరియా వంటి అరుదైన పుట్టు జబ్బులున్నవాళ్లు మిథియోనిన్‌ని కొలిచి తినాలి. అది డాక్టరూ డైటీషియనూ దగ్గరుండి నడిపించే పథ్యం. జాబితా చూసి ఇంట్లో మొదలుపెట్టేది కాదు.

నాలుగోది ఘాటు గంధకం. ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, ఇంగువ, వీటికి ఘాటు, వాసన ఇచ్చేవన్నీ గంధకం ఉన్న పదార్థాలే.

ఐదోది, బావగారికి సంబంధించింది, పేగుల్లో తయారయ్యే గంధకం. పెద్దపేగులో ఉండే కొన్ని బ్యాక్టీరియా మన తిండిలోంచి మిగిలిన గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. కడుపులో తయారయ్యే గ్యాస్‌లో చాలా భాగం నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. వీటికి వాసనే ఉండదు. గంధకం వాయువులు నూటికి ఒక పాలు కూడా ఉండవు, పరువు తీసేది మాత్రం అవే. ఈ వాయువు మోతాదు మించితే పేగు పొరకి మంచిది కాదన్న అనుమానం వైద్యుల్లో చాలాకాలంగా ఉంది. పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్) ఉన్నవాళ్లని గమనిస్తూ ఇంగ్లండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. మాంసం, గుడ్లు, మద్యం ఎక్కువ తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది. గంధకం ఎక్కువ తిన్నవాళ్లలో కూడా అంతే. అయితే గంధకం తగ్గించినంత మాత్రాన జబ్బు నయమవుతుందని దాంతో తేలిపోలేదు. అందుకే డాక్టర్లు "తగ్గించి చూడండి" అంటారు తప్ప "జన్మలో తినొద్దు" అనరు. ఆ ‘చూడండి’ అన్న మాటనే మా అక్క వదిలేసింది.

ఇంకో మాట. గుడ్డు వాసన తేన్పులకి జియార్డియా అనే పరాన్నజీవి కూడా కారణం కావచ్చు. అది నీళ్ల ద్వారా వస్తుంది, మందుతో పోతుంది. కాబట్టి మల పరీక్ష చేయించకుండా పథ్యం మొదలుపెట్టడం నా దృష్టిలో గుర్రానికి ముందు బండి కట్టడమే. బావగారు ఆ పరీక్ష చేయించుకున్నారు, ఏమీ లేదని వచ్చింది.

దుంప లెక్క

ఉడికిన బంగాళాదుంప మూత తియ్యగానే వచ్చే కమ్మటి వాసన ఉంది చూశారూ, అది కూడా గంధకమే. మిథియోనిన్ వేడికి విరిగి మిథియోనల్ అనే పదార్థం అవుతుంది. ఉడికిన ఆలూ వాసనకి అదే ముఖ్యమైన ఆధారం. ఈ మాట చెప్పగానే అక్క మొహం పాలిపోయింది. "చూశావా, మరి తప్పు దుంపదే కదా!"

కాదు. ముక్కుకి తెలియడానికి అది అణుమాత్రం చాలు. తూకం వేసి చూస్తే 100 గ్రా. దుంపలో ప్రొటీన్ మొత్తమే 2 గ్రా. అందులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు రెండూ కలిపి 50–60 మి.గ్రా. దాకా ఉంటాయి. అంటే ఒక పూట తినే 200 గ్రా. దుంపల్లో 100–120 మి.గ్రా. ఒక్క కోడిగుడ్డులో సుమారు 300 మి.గ్రా. ఉంటాయి. గుప్పెడు, అంటే 50 గ్రా. కందిపప్పులో 240 మి.గ్రా. దాకా ఉంటాయి. బంగాళాదుంప ప్రొటీన్ మంచిదే కానీ అందులో కొరత పడేది సరిగ్గా ఈ గంధకం అమైనో ఆమ్లాలే అని ఆహార శాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. మామూలు రోజుల్లో అది లోపం, ఈ పథ్యంలో అదే గుణం. ఉల్లి, ఆవాల లాంటి ఘాటు సరుకు దుంపలో లేదు. అంటే దుంప దాదాపు నిర్దోషి.

మరి ఆలూదమ్ తిన్న రోజు బావగారికి ఎందుకు బాధ? కూరలో దుంపతోపాటు ఎవరెవరున్నారో చూడాలి.

దుంప పక్కన కూర్చున్నవాళ్లు

బజారు ఆలూదమ్‌లో సగం గుజ్జు ఉల్లి, వెల్లుల్లి ముద్దే. ఆలూ చకటాలో పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి, పైన పచ్చి ఆవనూనె. ఆలూ చప్ లోపలి ముద్దలో కూడా వెల్లుల్లి తగులుతుంది. దహీబరా (పెరుగువడ) ఆలూదమ్ మీద చివర్లో చల్లే నల్ల ఉప్పు వాసన చూడండి, అచ్చం ఉడికిన గుడ్డు. ఆ ఉప్పులోని సల్ఫైడ్ల మహిమ అది. చలికాలంలో ఆలూకి జోడీగా కాలీఫ్లవర్ వస్తుంది, అదీ ఆవాల కుటుంబమే.

ఆవాల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మన వంటలో ఆవాలు రెండు వేషాలు వేస్తాయి. పొడి ఆవగింజని కొరికితే మొదట చప్పగా ఉంటుంది. నమిలాక, తడి తగిలాక, ముక్కుకి ఎక్కుతుంది. కారణం ఏంటంటే గింజలో సినిగ్రిన్ అనే సరుకు ఒక అరలో, దాన్ని విరిచే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలి రెండూ కలిస్తేనే ఘాటైన గంధకం నూనె పుడుతుంది. నీళ్లు చల్లి నూరి ఆవ పెట్టిన కూరలో ఇది పూర్తి స్థాయిలో జరుగుతుంది. పోపులో అలా కాదు. కాగిన నూనెలో చిటపటమనేసరికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు పుట్టే అవకాశం పోయి కమ్మదనం మిగులుతుంది. కాబట్టి ‘ఆవాలు’ అని ఒక్క గీతతో కొట్టేసే జాబితా తెలుగు వంటిల్లు చూడని జాబితా. పావు చెంచా పోపు గింజలు వేరు, రెండు చెంచాల ఆవ ముద్ద వేరు.

వెల్లుల్లిదీ ఇదే వరస. పచ్చిగా దంచితే రెండు అరలూ బద్దలై అల్లిసిన్ పుడుతుంది. పాయ చితక్కుండా ఉడకబెడితే ఘాటు తక్కువ. అలాగని లోపలున్న గంధకం మాయమైపోదు, రూపం మార్చుకోకుండా ఉంటుందంతే. పేగుల్లోకి వెళ్లాక బ్యాక్టీరియా దాని సంగతి చూసుకుంటాయి. వెల్లుల్లి తిన్న మర్నాడు పళ్లు తోముకున్నా నోరు వాసన రావడానికి కారణం కూడా ఇదే కుటుంబం. ఒక గంధకం పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తుంది. బ్రష్ ఏం చేస్తుంది పాపం.

నేరస్థుడు గంధకమేనా?

ఇక్కడ అసలు మెలిక ఉంది. ఉల్లి, వెల్లుల్లి మానగానే కడుపు తేలికపడిందనుకోండి. "చూశారా, సల్ఫరే" అని తీర్మానించేస్తాం. కానీ ఆ రెండింట్లో గంధకంతోపాటు ఫ్రక్టాన్లు అనే పిండి పదార్థాలు దండిగా ఉంటాయి. మనిషి పేగు వాటిని అరిగించుకోలేదు. అవి పెద్దపేగుకి చేరి పులిసి ఉబ్బరం తెస్తాయి. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన, పేగులో పులిసే పిండి పదార్థాల్ని తగ్గించే ఫాడ్‌మ్యాప్ పథ్యంలో ఉల్లి, వెల్లుల్లి మానేయమనేది ఇందుకే. గంధకం వల్ల కాదు. ఒకే దెబ్బకి రెండూ పోతున్నాయి కాబట్టి ఎవరిది తప్పో తెలియదు.

విడదీసే ఉపాయం మన పోపుల పెట్టెలోనే ఉంది. ఇంగువ. దాని వాసనంతా గంధకమే, కానీ ఫ్రక్టాన్లు లెక్కలోకి రావు. డబ్బా ఇంగువలో మైదా కలుపుతారు, అయినా చిటికెడులో అదెంత. అలాగే వెల్లుల్లి పాయల్ని నూనెలో సన్నసెగ మీద వేయించి, పాయలు తీసి పారేసిన నూనె. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు, వాసనిచ్చే గంధకం పదార్థాలు కరుగుతాయి. అంటే ఉల్లి, వెల్లుల్లి మానేసి కుదుటపడిన మనిషికి ఇంగువ, వెల్లుల్లి నూనె తిరిగి ఇచ్చి చూడాలి. వాటికి కూడా కడుపు తిరగబడితే గంధకం మీద అనుమానం బలపడుతుంది. వాటితో ఏమీ కాక ఉల్లిపాయతో మాత్రమే బాధ వస్తే అనుమానం ఫ్రక్టాన్ల మీదకి మళ్లుతుంది. ఇది లాబ్ పరీక్ష కాదు, తీర్పు కూడా కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చేతిలో ఉండే ఆనవాలు. కానీ "ఏది తిన్నా గ్యాసే డాక్టరుగారూ" అనడం కంటే చాలా నయం.

వెబ్‌లో తిరిగే మరికొన్ని జాబితాలు ఒంట్లో పాదరసం పేరు చెప్పి గంధకం మానమంటాయి. వాటికి చెప్పుకోదగ్గ ఆధారం నాకు కనిపించలేదు, వాటి జోలికి పోవట్లేదు.

లక్ష్మివారం వంట

ఇంతా చెప్పాక అక్క అడిగింది: "ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఆలూదమ్ ఏం రుచిరా?"

ఆ మాట ఆ రోజు అడగడమే విచిత్రం. బయట గుమ్మంలో వరిపిండితో వేసిన ఝోటి ముగ్గు ఇంకా ఆరలేదు. పక్కింటి ఒడియావాళ్లు మాణబసా అనే లక్ష్మీపూజ చేసుకుంటున్నారు, మా అక్క మార్గశిర లక్ష్మివారం నోము పట్టింది. ఆ రోజు రెండిళ్లలోనూ ఉల్లి తరగరు, వెల్లుల్లి ముట్టరు. నీసు సంగతి సరే సరి. ఈ ఊళ్లో దీన్ని నిరామిష వంట అంటారు. కొందరు సోమవారాలు, సంక్రాంతులు, మరికొందరు కార్తీకం నెలంతా పాటిస్తారు. అంటే మూడొంతుల ‘సల్ఫర్ పథ్యం’ ఈ ప్రాంతంలో ఎప్పటినుంచో పొయ్యి మీదే ఉంది. పూరీ జగన్నాథుడి వంటశాలలో కూడా ఉల్లి, వెల్లుల్లి ఉండవు. కాకపోతే అక్కడ ఆలూ కూడా ఉండదు, పరదేశం నుంచి వచ్చిన దుంప అని. స్వామికి లేకపోయినా మనకి ఉంది.

ఆ రోజు అక్క చేసిన కూర దగ్గర నిలబడి చూశాను. అరకిలో చిన్న దుంపలు, గోళీల కంటే కాస్త పెద్దవి. ఉప్పునీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి, తొక్క తీసి, ఒక్కోదానికి పుల్లతో నాలుగు గాట్లు పెట్టింది. బాణలిలో రెండు గరిటెల వేరుశనగ నూనె పోసి దుంపల్ని ఎర్రచారలు వచ్చేదాకా దొర్లించి తీసింది. అదే నూనెలో బిరియానీ ఆకు, దాల్చిన చెక్క, ఎండుమిర్చి వేసింది. తర్వాత పంచ ఫుటణ. అంటే జీలకర్ర, సోంపు, మెంతులు, ఆవాలు, కళాజీరా. ఆవాలు ఈసారికి పక్కన పెట్టమన్నాను. పోపులో వాటి పాపం తక్కువే, కానీ మొదటి రెండు వారాలు లెక్క శుభ్రంగా ఉండాలి. కళాజీరాని కొందరు ఉల్లి విత్తనాలు అంటారు, ఆ పేరు చూసి భయపడక్కర్లేదు, ఉల్లికీ దానికీ బంధుత్వం లేదు.

ఉల్లి ముద్ద ఇచ్చే చిక్కదనం ఎలా? అక్కడే నిరామిష వంట తెలివి తెలుస్తుంది. మూడు టమాటాలు, రెండంగుళాల అల్లం, గరిటెడు జీలకర్ర-ధనియాల ముద్ద నూనె తేలేదాకా, అంటే సన్నసెగ మీద పన్నెండు నిమిషాలు వేయించింది. తొందరపడితే పచ్చివాసన, అడుగంటితే చేదు. ఆ తర్వాత అరకప్పు గిలక్కొట్టిన పెరుగు, ఒక్క దుంపని చిదిమి అందులోనే. చిదిమిన దుంపే గుజ్జుని పట్టి ఉంచుతుంది. దుంపలు వేసి మూతపెట్టి పది నిమిషాలు, చివర చెంచా నెయ్యి, వేయించిన జీలకర్ర పొడి. నెయ్యిలో ప్రొటీన్ పోయి కొవ్వే మిగులుతుంది కాబట్టి గంధకం దిగులు లేదు.

బావగారు నెల తర్వాత ఆలూదమ్ తిన్నారు. మాట్లాడలేదు. పూరీ రెండోసారి అడిగారు.

ఇక తెలుగు వైపు వంటలకి వస్తే దారి ఇంకా సులువు. అల్లం-పచ్చిమిర్చి దంచి, పచ్చికొబ్బరి వేసి, దించాక నిమ్మరసం పిండే బంగాళాదుంప కూరలో అనుమానించాల్సిందేమీ లేదు. జీలకర్ర కారం చల్లిన వేపుడూ అంతే. ఉల్లికారం, వెల్లుల్లి కారం కొన్నాళ్లు పక్కన. నువ్వుల పొడి వేసేవాళ్లు తగ్గించుకోవాలి, నువ్వుల్లో మిథియోనిన్ ఎక్కువ. ఆలూ చకటాకి నిప్పుల మీద కాల్చిన దుంప తీసుకుంటే ఆ పొగ వాసనే సగం లోటు తీరుస్తుంది. పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం మిగతా సగం. ఆవనూనె లేని చకటా చకటాయేనా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

దుకాణంలో కొనే తిండి విషయంలో మాత్రం మాటకి మాట అడగాలి. బజార్లో ఆలూదమ్ కొంటే, "పిఆజొ, రొసుణొ నాహిఁ తొ?" (ఉల్లి, వెల్లుల్లి లేవు కదా?) అని రెండుసార్లు అడగాల్సిందే. నాహిఁ అని తలూపుతూనే మసాలా పొడి వేస్తాడు, ఆ పొడిలో వెల్లుల్లి ఉంటుంది. చిప్స్ ప్యాకెట్ల మీద మసాలా రుచులన్నింట్లో దాదాపు ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి రాసి ఉంటాయి. వట్టి ఉప్పు రకం నయం.

వేసవిలో మేడ మీద ఎండబెట్టే ఆలూ చిప్స్ గురించి కూడా అక్క అడిగింది. ముక్కలు తెల్లగా ఉండటానికి ఆవిడ నీళ్లలో పటిక తిప్పుతుంది. పటికలో ఉండేది సల్ఫేట్, సల్ఫైట్ కాదు. ఒక్క అక్షరమే తేడా, కానీ ఉబ్బసంవాళ్ల భయం దీనికి వర్తించదు. కడిగేశాక మిగిలేది కూడా తక్కువే. అయినా దుంప నల్లబడకుండా ఉండాలంటే కోసిన వెంటనే చల్లనీళ్లలో వేసి నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. పంచదార సంగతి సల్ఫైట్ పడనివాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి. మన మిల్లుల్లో చాలావాటిలో గంధకం కాల్చిన పొగతోనే చెరకురసాన్ని తెల్లబరుస్తారు. పచ్చగా మెరిసే బెల్లం కంటే నల్లబెల్లం మేలు, మెరుపు కోసం కలిపే హైడ్రోస్ కూడా ఆ కుటుంబమే.

ఒక హద్దు మాత్రం గీయాలి. దుంప నిర్దోషి అని తేలిందని పూటపూటా దుంపన్నం తింటే రోజుకి కావలసిన ఆ 900 మి.గ్రా. ఎక్కణ్ణుంచి వస్తాయి? పప్పు కొలత తగ్గించాలి గానీ మానకూడదు. పెరుగు ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకి దుంప లెక్క వేరు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పొటాషియం లెక్క ఇంకా వేరు. పచ్చరంగు తిరిగిన దుంప ఎవరికీ వద్దు. పిల్లలు, గర్భిణులు ఈ పథ్యం జోలికి సొంతంగా వెళ్లకూడదు. మిగతావాళ్లు కూడా మూడు నాలుగు వారాలకి మించి లాగకుండా, మానినవాటిని ఒక్కోటీ తిరిగి తెచ్చి చూసుకోవాలి. నిజంగా గంధకమే పడదని తేలితే డాక్టరుతో కూర్చుని ముందుకెళ్లాలి.

బావగారు మూడు వారాలు నిరామిషం మీద ఉన్నారు. తేన్పులు తగ్గాయి. నాలుగో వారం ఇంగువ పోపు తిరిగొచ్చింది, ఏమీ కాలేదు. ఐదో వారం వెల్లుల్లి నూనె, ఏమీ కాలేదు. కొంచెం ధైర్యం చేసి ఒక ఆదివారం ఉల్లిపాయ కూర వేసుకున్నారు. సాయంత్రానికి పొట్ట డోలులా ఉబ్బింది. ఈ వారాల్లో ఏది తింటే ఏమైందో రాసుకున్న కాగితం చూసి డాక్టరు, "అయితే సల్ఫర్ కాకపోవచ్చు, ఈసారి గోధుమలు కూడా తగ్గించి చూద్దాం" అన్నారట. గోధుమల్లో కూడా ఫ్రక్టాన్లే.

మొన్న వెళ్తే మధ్యాహ్నం పఖాళ పెట్టింది అక్క. కాల్చిన ఆలూ చకటా మీద పచ్చి ఆవనూనె ఘాటు గది దాటి వస్తోంది. బావగారి కంచంలో ఉల్లిపాయ లేదు. నా కంచంలో ఉన్న ముక్కల వైపు రెండుసార్లు చూశారు. అక్క గిన్నె అవతలికి జరిపి, "పూరీలు కూడా పోయాయిరా ఇంక" అంది.